ఓడిన మరునాడు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠం)



ఉగాదినాడు చేదును గురించి మాట్లాడటం మన సభల్లో ఆనవాయితీ. వేపపూవును గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఈ వేదికమీదనే ఉన్నారు. వారి సొత్తు నేను ముట్టను. నేను ఒక లెక్క చెప్పి మొదలుపెడతాను. పది - ఒకటి. 1952 జూలై 15వ తేదీన ఫిన్లాండు దేశంలోని హెల్సింకీ నగరంలో, ఒలింపిక్ ఆటల్లో, యుగోస్లావియా జట్టు మన భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును ఓడించిన లెక్క అది. వారివి పది గోల్సు, మనది ఒకటి. ఆ ఒక్కటి కూడా ఆట ముగియవచ్చే వేళకు అహమద్ ఖాన్ కొట్టినాడు. ఆ రోజు ఆ జట్టు శిక్షకుడు మన హైదరాబాదు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీమ్.

గెలిచిన తరువాత మాట్లాడటం ఎవరికైనా వస్తుంది. పది గోల్సు తిని వచ్చిన పిల్లలముందు నిలబడి, వాళ్ళచేత మళ్ళీ బంతి ముట్టించటం ఎట్లా అన్నది వేరే విద్య. ఆ విద్య రహీమ్‌కు వచ్చు. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

ఎవరీ రహీమ్ అని పిల్లలు అడుగుతారు. 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది గనుక ఇప్పుడు కొంతమందికి పేరైనా తెలిసింది. సినిమా సినిమాయే. అందులో కల్పన ఉండనే ఉంటుంది. ఉన్న సంగతి ఇది. ఆయన 1909లో హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియాలో చదువుకున్నారు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ బడుల్లో పాఠాలు చెప్పినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. నగర పోలీసు జట్టుకు ఆట నేర్పినారు. 1950 నుంచి దేశపు జట్టు ఆడిన పెద్ద పోటీలు చాలావరకు ఆయన చేతిమీదుగా జరిగినవే. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఫైనల్లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టు ఆయనదే. ఆటగాళ్ళందరికీ ఆయన 'రహీమ్ సాబ్'.

ఇక మనకూ ఆయనకూ ఉన్న చుట్టరికం చెప్పవలె. మన తాతముత్తాతలు నిజాము రాజ్యపు పల్లెలు విడిచి తాపీపనికీ, రాళ్ళపనికీ ఈ నగరానికి వచ్చినవారు. ఆ కామాఠీల పేరే ఈ పేటకు నిలిచింది. వారి వెనుక కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు వచ్చి మిల్లుల్లో చేరి వర్లీ, పరేల్, నయిగాం చాళ్ళలో కుదురుకున్నవి. ఊరు దూరమైనవారికి ఊరి పేరు వినబడితే చెవి నిక్కుతుంది. 1891లో మొదలైన రోవర్స్ కప్పు పోటీలు ఏటా ఈ బొంబాయిలోనే, కూపరేజీ మైదానంలో జరిగేవి. 1950 నుంచి 1954 దాకా ఐదేండ్లు వరుసగా ఆ కప్పును ఎత్తుకొని పోయినది హైదరాబాదు నగర పోలీసు జట్టు. కలకత్తా జట్లు ఎంత పేరున్నవైనా, ఆ ఐదేండ్లూ కప్పు రైలెక్కి పోయింది హైదరాబాదుకే. మా నాయన మిల్లులో రాత్రిపాళీ దిగి, పగలు నిద్ర మాని, కామాఠీపురా నుంచి కూపరేజీకి నడిచి పోయేవాడు. టిక్కెట్టుకు పైసలు ఉన్ననాడు లోపల, లేనినాడు బయట. అరుపులను బట్టి గోలు ఎవరిదో చెప్పేవాళ్ళం అనేవాడు. ఆ పోలీసు జట్టులో అందరూ దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు. మా నాయనకు అది చాలు, మనవాళ్ళే.

అందువల్ల పది-ఒకటి వార్త వచ్చినప్పుడు మన చాళ్ళలో బాధ కొంచెం ఎక్కువే ఉండివుంటుంది.

ఆ ఓటమికి కారణం చూడండి. అంతకు నాలుగేండ్ల క్రితం, 1948 లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి, ఫ్రాన్సుతో 2-1 తేడాతో మాత్రమే ఓడినారు. రెండు పెనాల్టీలు చేజారకపోతే గెలిచేవారే. లోకం మెచ్చుకున్నది. ఉత్తకాళ్ళతో ఇంత ఆడినారే అన్నారు. మనమూ మురిసిపోయినాము. నా ఉద్దేశంలో హెల్సింకీ ఓటమి అక్కడ మొదలైంది. లోపం ఒకటి ఉన్నప్పుడు దానిని మెచ్చుకోలు కప్పివేస్తే, ఆ లోపానికి ఇంకో నాలుగేండ్లు ఆయుష్షు పోసినట్లే. హెల్సింకీలో చలి. ఎదుట యుగోస్లావియా. ఆ ఒలింపిక్సులోనే ఫైనల్ దాకా పోయి, హంగరీ చేతిలో ఓడి వెండి పతకం తీసుకున్న జట్టు అది. మనవాళ్ళలో చాలామంది మళ్ళీ ఉత్తకాళ్ళతోనే దిగినారు. పైగా మన దేశంలో అప్పటికి అందరికీ అలవాటైనది వెనుక ఇద్దరు బ్యాకులను మాత్రమే నిలిపే పాత అమరిక. యూరపు జట్లు దానిని ఎప్పుడో వదిలినవి.

ఇప్పుడు తప్పు ఎవరిది? గోల్ కీపరుదా? బ్యాకులదా? వీధి చావడిలో ఈ విచారణ ఒక్క రాత్రిలో అయిపోతుంది, ముద్దాయి కూడా దొరుకుతాడు. దొరికినవాడిని తీసివేస్తే అందరికీ మనసు కుదుటపడుతుంది. కాని ఉత్తకాళ్ళు ఉత్తకాళ్ళుగానే ఉంటవి, ఇద్దరు బ్యాకులు ఇద్దరుగానే ఉంటారు.

జరిగినది వేరు. ఆ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీమ్ అమరికమీద పడినారు. ఆ రోజుల్లో హంగరీవారు కొత్త ఆట ఆడుతున్నారు. ముందు నిలబడవలసిన సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కి లాగి, ఎదుటివారి బ్యాకు ఎవరిని పట్టుకోవాలో తెలియక తికమకపడేటట్లు చేసినారు. ఆ ఆటతోనే 1953లో ఇంగ్లండును వారి సొంత మైదానం వెంబ్లీలో 6-3తో ఓడించినారు. రహీమ్ ఆ పద్ధతిని మనవాళ్ళకు అతికేటట్లు మార్చి నేర్పినారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత నాలుగు-రెండు-నాలుగు అనే అమరిక పేరు అందరి నోటా పడ్డది. అది మాకు రహీమ్ సాబ్ అంతకు ముందే నేర్పినాడని ఆయన శిష్యులు చివరిదాకా చెప్పుకున్నారు.

నాలుగేండ్లు గడిచినవి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్. మొదట ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినారు. అందులో మూడు గోల్సు మన బొంబాయిలో ఆడుతూ పేరు తెచ్చుకున్న గోవా కుర్రవాడు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్సులో ఒకే మ్యాచిలో మూడు గోల్సు కొట్టిన తొలి ఆసియావాసి అతడే. సెమీఫైనల్లో ఎదుట ఎవరనుకున్నారు? అదే యుగోస్లావియా. సగం ఆట గడిచేసరికి సున్నా - సున్నా. రెండో సగం మొదట్లో గోలు కొట్టినది మనవాళ్ళు, మళ్ళీ ఆ డిసౌజాయే. ఆ తరువాత వారు నాలుగు కొట్టి గెలిచినారు, అది కాదనను. కాని పది తిన్న చోట సగం ఆట దాకా ఒక్కటి కూడా తినకుండా నిలబడి, పైగా తామే ముందు కొట్టటం చిన్న సంగతి కాదు. మూడో స్థానపు ఆటలో బల్గేరియాతో 3-0 ఓడి నాలుగో స్థానంలో నిలిచినారు. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియా దేశం ఒకటి సెమీఫైనల్ దాకా పోవటం అదే మొదలు.

ఈ నాలుగేండ్ల దారిలో ఆయన చేసిన పని ఒకటి నాకు మిక్కిలి ఇష్టం. దేశంలో చాలామంది ఆటగాళ్ళు కుడికాలితోనే ఆడతారు, ఎడమకాలు ఊతకే. దానికి రహీమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలన్న షరతుతో ప్రత్యేకంగా పోటీలు పెట్టినారు. బంతిని కాలి దగ్గర పెట్టుకొని విన్యాసాలు చేయకుండా వెంటనే అందించాలనే షరతుతోనూ పోటీలు పెట్టినారు. ఇందులో గడుసుదనం గమనించండి. ఎడమకాలి పోటీలో అందరూ తడబడతారు. పెద్ద ఆటగాడు, చిన్న ఆటగాడు అని ఉండదు. నీ కాలు మంచిది కాదని ఒక్కరిని పిలిచి చెబితే వాడికి అవమానం. అందరినీ ఒకేసారి ఎడమకాలిమీద నిలబెడితే అది నవ్వులాట. నవ్వుతూనే నేర్చుకుంటారు. బడిపంతులు గనుక ఆయనకు ఇది తోచిందని నా నమ్మకం. ఒక్క పిల్లవాడిని నల్లబల్ల దగ్గరకు పిలిస్తే వాడు వణుకుతాడని, తరగతంతా కలిసి పలికితే గొంతులు లేస్తవని పంతులుకు తెలియదా?

మరొక సంగతి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. పాడైపోయిన పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవానిచేత ఆట బూట్లు కుట్టించుకున్నానని పెద్దయిన తరువాత ఆయనే చెప్పుకున్నారు. రహీమ్ కంటపడి, సాధనకు రమ్మంటే, అంత దూరం రావటానికి డబ్బు లేదన్నాడు. రాకపోకల ఖర్చు రహీమ్ చూసుకున్నారు. ఆ పిల్లవాడే 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీమీదా, పెరూమీదా గోల్సు కొట్టినాడు. ఆ రెండు ఆటలూ మనం ఓడినవే. హంగరీతో 2-1, పెరూతో 3-1. నడుమ ఫ్రాన్సుతో 1-1 సమానం. 2023లో బలరామ్ కలకత్తా వైపున కాలం చేసినారు. చివరిదాకా రహీమ్ పేరు ఎత్తితే ఆయన గొంతు మారేదని విన్నాను.

ఇక జకార్తా సంగతికి వస్తాను. ఇది కొంచెం నిదానంగా చెప్పవలె.

1962 ఆగస్టు చివర ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో మొదలైనవి. అప్పటికే రహీమ్ ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తులకు పుట్టిన కాన్సరు. మొదటి మ్యాచి దక్షిణ కొరియాతో. రెండు - సున్నా, ఓటమి. పతకం ఆశతో పోయిన జట్టు తొలి అడుగులోనే బోర్లాపడ్డది. దీని తరువాత ఇంకో ఓటమి వస్తే ఇంటికే. అటువంటి రాత్రి శిక్షకుడు ఏమి చేస్తాడు? కేకలు వేయవచ్చు. సగం జట్టును మార్చివేయవచ్చు. ఏమీ కానట్లు నవ్వనూవచ్చు. ఇది మొదటి రెండింటికన్న చెడ్డదని నా అభిప్రాయం. ఓడినవాడి ముందు ఏమీ జరగలేదని నటిస్తే వాడి బాధను కూడా లెక్కచేయనట్లే.

ఆ రాత్రి ఆయన గదిలో ఏమి మాట్లాడినారో నేను కల్పించి చెప్పను. తరువాతి ఆటల్లో ఏమి కనబడిందో అది చెబుతాను. థాయిలాండుమీద 4-1 గెలుపు. జపాన్‌మీద 2-0 గెలుపు. కొరియా చేతిలో ఓడిన చూనీ గోస్వామి, పి. కె. బెనర్జీ, బలరామ్ అనే ముగ్గురు ముందువరుసవాళ్ళే మళ్ళీ ముందువరుసలో ఉన్నారు. ఓడినారని వాళ్ళమీద నమ్మకం సడలలేదు. కెప్టెను గోస్వామియే.

ఇంతలో మరో దెబ్బ. థాయిలాండు మ్యాచిలో వెనుక కోటగోడవలె నిలిచే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డవి. బ్యాకుగా ఆడితే ఎత్తున వచ్చే ప్రతి బంతికీ తల అడ్డంపెట్టవలె. కుట్లున్న తలతో అది కుదరదు. ఇంకెవరైనా అయితే అతడిని బెంచీమీద కూర్చోబెట్టి, అయ్యో అని వీపు తట్టేవారు. రహీమ్ సెమీఫైనల్‌లో అతడిని తీసుకొనిపోయి ముందువరుసలో, సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టినారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆ స్థానంలో ఆడినవాడే, ఆ సంగతి రహీమ్‌కు గుర్తున్నదని అంటారు. వెనుక ఖాళీలో అరుణ్ ఘోష్ సర్దుకున్నాడు. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో. మనవాళ్ళు రెండు కొట్టి నిలిచినారు, వారు రెండూ తిరిగి కొట్టినారు. చివరకు గోస్వామి కొట్టిన గోలుతో 3-2. ఆ మూడింటిలో ఒకటి ఆ కట్టుకట్టిన తల మనిషిది.

ఫైనల్ 1962 సెప్టెంబరు 4. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది. అందరూ మనకు ఎదురు. దానికి ఆటతో సంబంధం లేదు. ఇజ్రాయెల్, తైవాను దేశాల ఆటగాళ్ళను రానివ్వకపోవటాన్ని మన దేశానికి చెందిన ఒలింపిక్ పెద్ద గురుదత్ సోంధీ తప్పుపట్టినారు. దానిమీద జకార్తాలో భారతదేశానికి విరుద్ధంగా అల్లర్లు లేచినవి. మన రాయబార కార్యాలయంమీదకు కూడా గుంపు పోయింది. అక్కడ మనకోసం గొంతెత్తినవారు ఎవరయ్యా అంటే పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు అని మనవాళ్ళు తరువాత చెప్పుకొని నవ్వుకొనేవారు. పరాయి ఊళ్ళో పొరుగింటివాడు చుట్టం కావటం బొంబాయిలో బ్రతికే మనకు కొత్తా?

ఫైనల్‌కు ముందు రహీమ్ వాళ్ళను కూర్చోబెట్టి తనకు ఒక కానుక కావాలని అడిగినారట. రేపు బంగారం గెలిచి ఇవ్వండి అన్నారట. ఆయన జబ్బు సంగతి ఎంతమందికి ఎంత తెలుసునోగాని, ఆ మాట మాత్రం ఆటగాళ్ళు ముసలివాళ్ళైనదాకా మరువలేదు. ఈ మాట వట్టి ఊపుమాట అనుకునేరు. పది రోజులు కూడా కాలేదు, అదే కొరియా చేతిలో రెండు గోల్సు తిన్నారు. మీరు నాకు ఓటమి తెచ్చిపెట్టినారు, దాని లెక్క తీర్చండి అని అడగవచ్చు. ఆయన బాకీ వసూలు చేయలేదు, కానుక అడిగినారు. బాకీ తీర్చేవాడు తల వంచుకొని ఇస్తాడు, కానుక ఇచ్చేవాడు తల ఎత్తుకొని ఇస్తాడు.

కాని కానుక మాటతోనే గెలిచినారా? లేదు. జ్వరంపడి లేచిన పొడగరి పీటర్ తంగరాజ్‌ను ఆ రోజు గోలులో నిలిపినారు. జర్నైల్‌ను ముందువరుసలోనే ఉంచినారు. పదిహేడో నిమిషాన బెనర్జీ గోలు. మరో మూడు నిమిషాలకు జర్నైల్ గోలు. కొరియావారు చివర్లో ఒకటి కొట్టినారు. రెండు - ఒకటి. తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్ హైదరాబాదు మట్టిలో ఆడి పెరిగినవారు. మన బొంబాయి టాటా జట్టువాడు ఫోర్చునాటో ఫ్రాంకో హాఫ్ బ్యాకు. కామాఠీపురావారికి రెండు వైపులా చుట్టాలున్న జట్టు అది! ఆ తరువాత ఈనాటి వరకు ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్ళీ రాలేదు.

రహీమ్ ఆ తరువాత ఏడాదైనా బ్రతకలేదు. 1963 జూన్ 11న హైదరాబాదులో పోయినారు. ఏబైనాలుగో ఏడు ఇంకా నిండలేదు.

ఇదంతా ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, మన చాళ్ళలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు తగ్గుతున్నారు. స్థలం లేదంటారు, నిజమే. గల్లీలో రబ్బరు బంతితో ఆడితే పైనుంచి నీళ్ళు పోస్తారు. వర్లీవారికి జాంబోరీ మైదానమైనా ఉన్నది, కామాఠీపురా పిల్లలకు అదీ లేదు. కాని స్థలం లేనందువల్ల మానినవారికన్న ఓడిన సాయంత్రం మానినవారు ఎక్కువని నేను కళ్ళారా చూచినాను.

పోయిన వానాకాలం తరువాత మన పిల్లలు ఒక చిన్న పోటీలో సెమీఫైనల్ దాకా పోయినారు. ఆఖరి నిమిషంలో గోల్ కీపరు చేతిలోంచి బంతి జారి గోలు పడ్డది. వాడు పద్నాలుగేండ్లవాడు. పేరు చెప్పను. వాడు ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. మెట్లమీద ఒక పెద్దమనిషి, 'నీ వల్లనే పోయింది గదరా' అన్నాడు. నల్లా దగ్గర మరొకరు, 'చేతులకు వెన్న రాసుకున్నవా?' అన్నారు. అందరూ వాడిని ఎత్తుకొని పెంచినవారే, ప్రేమ లేక అన్న మాటలు కావవి. ఖోలీలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ తరువాత మూడు ఆదివారాలు రాలేదు. నేను పోయి పిలిస్తే, 'కాకా, నేను ఫార్వర్డు ఆడతా, గోలులో నిలబడను' అన్నాడు. సరే ఆడమన్నాను. రెండు వారాలు ముందువరుసలో పరుగెత్తినాడు. ఆ రెండు వారాల్లో గోలుమీదికి కొట్టేవాడు ఎక్కడ చూస్తాడో, కాలు ఎట్లా తిప్పుతాడో వాడికి తెలిసివచ్చింది. మూడో వారం వాడంతట వాడే చేతిజోళ్ళు తొడుక్కున్నాడు. కుట్లుపడ్డ మనిషిని ముందువరుసకు పంపిన సంగతి నాకు తెలిసివుండకపోతే నేను వాడిని బతిమాలి మళ్ళీ అక్కడే నిలబెట్టేవాణ్ణేమో.

మన ఇండ్లకు ఓటమి కొత్త కాదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె ఇక్కడ కూర్చున్న సగంమందికి ఇంటి సంగతి. రెండున్నర లక్షలమంది కార్మికులు బయటికి వచ్చినారు. చాలామంది మళ్ళీ లోపలికి పోనేలేదు. నాయకుడిదా తప్పు, యజమానులదా, సర్కారుదా అని ఆ రోజుల్లో ప్రతి మెట్టుమీదా వాదనే. ఆ వాదన అవసరమే, ఇప్పటికీ అవసరమే. కాని ఆ వాదన ముగిసేదాకా ఆగకుండా బీడీల చాట ముందు కూర్చున్న తల్లులు, మిషను కొనుక్కొని బట్టలు కుట్టటం నేర్చుకున్న అక్కలు, బండిమీద ఇడ్లీలు పెట్టుకున్న అన్నలు ఉన్నారు. మొగుడు ఖాళీ చేతులతో వస్తే నీ వల్లనే అనని ఇండ్లు నేను చూచినాను, అన్న ఇండ్లూ చూచినాను. ఆ రెండు రకాల ఇండ్లలో పిల్లలు ఎట్లా పెరిగినారో మీకే తెలుసును.

ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. పోయిన సభలోనే ఒక చెల్లెలు అడిగింది. 'అన్నా, అందరినీ బుజ్జగిస్తే సోమరివాడి సంగతేమిటి? సాధనకు రాకుండా మ్యాచినాడు మాత్రం వచ్చేవాడిని కూడా ఏమీ అనవద్దా?' అని. మంచి ప్రశ్న. రహీమ్ మెత్తనివాడు కాడు. సాధనలో ఆయన పట్టు పోలీసు కవాతును మించినదే. నాకు అర్థమైనంతవరకు ఆయన కాఠిన్యమంతా మ్యాచికి ముందు ఉండేది. మన కాఠిన్యమంతా మ్యాచి తరువాత. సాధనకు రానివాడిని మ్యాచిలోకే దింపవద్దు, ముందే చెప్పవలె. ఒకసారి దింపినామంటే మనం ఒప్పుకొని దింపినట్లు. అప్పుడు ఓడితే దానిలో మన వాటా ఉన్నది. పది-ఒకటి అన్న లెక్క పక్కన ఈనాటికీ రహీమ్ పేరే రాస్తారు, ఆ గోల్ కీపరు పేరు మీలో ఒక్కరికీ తెలియదు. శిక్షకుడన్నవాడు మోయవలసిన బరువు అది.

మాటల బలం తక్కువదని కూడా నేను అనను. ఆయన శిష్యుడు పి. కె. బెనర్జీ తరువాత కలకత్తాలో పెద్ద శిక్షకుడైనాడు. ఆటకు ముందు ఆయన ఇచ్చే ఉపన్యాసానికి పత్రికలవాళ్ళు 'వోకల్ టానిక్' అని పేరు పెట్టినారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు ఆయనా, జి. ఎం. హెచ్. బాషా కలిసి శిక్షకులు. కెప్టెను మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. టానిక్కు మంచిదే. కాని ఎముక విరిగినవాడికి టానిక్కు పోస్తే సరిపోదు, కట్టు కట్టవలె. రహీమ్ దగ్గర రెండూ ఉండేవి, ముందు కట్టు, తరువాత టానిక్కు.

సమయం మించిపోతున్నదని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పెద్దలకు ఒక మనవి, పిల్లలకు ఒక ప్రకటన చేసి దిగుతాను.

మనవి ఇది. మన పిల్లలు ఓడి వచ్చిన రాత్రి ఆట మాట ఎత్తవద్దని మా జట్టువాళ్ళం ఒక కట్టు పెట్టుకున్నాము. అన్నం తిని పడుకోనిస్తాము. మరునాడు సాయంత్రం గంటసేపు కూర్చుంటాము. పలకమీద ముగ్గుపిండితో మైదానం గీసి, గింజలు పెట్టి, ఎవరు ఎక్కడ నిలబడవలసింది అని జరుపుతాము. గింజలకు పేర్లు ఉండవు, చింతగింజలూ, సీతాఫలం గింజలూ అంతే. చింతగింజలు మనవి, సీతాఫలం గింజలు ఎదుటివారివి. ఆ గంటలో పెద్దలు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, గింజలు జరపవచ్చు. ముసలయ్యలకు ఇందులో మంచి నేర్పు ఉన్నదని చెప్పక తప్పదు, అష్టాచెమ్మా ఆడిన చేతులు కదా.

ప్రకటన ఇది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు వర్లీ జాంబోరీ మైదానంలో ఎడమకాలి పోటీ. ఐదుగురేసి జట్లు. కుడికాలితో తన్నితే బంతి ఎదుటివారిది. ఎడమచేతివాటం పిల్లలు కుడికాలితో ఆడవలె, వాళ్ళు సంతోషపడనక్కరలేదు. ఆడపిల్లలకు వేరే జట్టు ఉన్నది, ఇప్పటికి ఏడుగురు వస్తున్నారు, ఇంకా రావలె. తండ్రులు కూడా దిగవచ్చు. పోయిన నెల ముగ్గురు దిగినారు, ఇద్దరు బోర్లాపడ్డారు, పిల్లలు కడుపుబ్బ నవ్వినారు. కామాఠీపురా నుంచి వచ్చేవారు ఐదుంబావుకు పదమూడో గల్లీ మొగదల కలుసుకొంటే అందరం కలిసి బస్సుకు పోదాము. బూట్లు లేనివాళ్ళు ముందురోజే నాకు చెప్పవలె. పాతవి నాలుగు జతలు ఉన్నవి, కొలతలు చూసి ఇస్తాను.